ఏ గల్లీల పడ్డది?

మా పక్కింటి కాక మొన్న సోమవారం పోయిండు. మందమర్రి క్వార్టర్ల ముందు టెంటు కింద కూసున్నోళ్లల్ల ఒకాయన, "ముసలోనికి బాంబుల పిచ్చి ఉండె" అన్నడు. పిచ్చి ఎవరికున్నదో జర మాట్లాడుకుందాం.

వయసుల ఉన్నప్పుడు కాక తాపీపనికి బాగ్దాద్ పోయిండు. ఆ ఊరిమీద బాంబులు పడే రోజుల్లో ఒక తెల్లారుజామున సైరన్ మోగింది. బొగ్గుబాయి షిఫ్టు సైరన్ కూత వింటూ పెరిగిన మనిషి కదా, ఫస్టు షిఫ్టనుకొని టిఫిన్ డబ్బా పట్టుకొని గల్లీలకు బయల్దేరిండు! ఎదురింట్ల రొట్టెలు కాల్చి అమ్మే ఆమె అంగీ పట్టి లోపలికి గుంజి, తన పిల్లలతోపాటు మెట్ల కింద కూసోబెట్టింది.

"సైరన్ కొడితే డ్యూటీకి పోవుడే ఎర్క. దాసుకోవాలెనని మాకెవలు చెప్పిండ్రు?" అని నవ్వేటోడు.

కాక పానంతోని మందమర్రికి తిరిగొచ్చిండు. ఆమె, ఆ పిల్లలు ఉన్నరో పోయిండ్రో మాత్రం తెలువలే. అది తెలుసుకోవాలన్న తండ్లాట ఆయన్ను బతుకంతా వదల్లే.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టుల బొగ్గు కోసం బ్లాస్టింగు పెట్టే యాళ్లకు "కిటికీలు తెరువుండ్రి, మూసిన అద్దమే పగుల్తది" అని వాడకట్టంతా ఒర్రేటోడు. బకెట్లు, బిందెలు, ఆఖరికి పప్పు గిన్నెల కూడా నీళ్లు పట్టేటోడు.

"ఉన్నది ఇద్దరం. గిన్ని నీళ్లల్ల ఈతగొడ్తవా?" అని చిన్నమ్మ తిట్టేది.

"బాంబు ఒక్కపారే సంపుతదే. నల్లా బందైతే దినాం సంపుతది."

'లక్ష్యాన్ని ఛేదించింది' అంటరు వార్తల్లో. సరే, కరెంటు కేంద్రమే లక్ష్యమనుకుందాం. ఆ కరెంటుతో నడిచే నీళ్ల పంపు? ఆ నీళ్లు తాగే పసిపిల్ల? ఇట్ల అడిగితే నన్ను ద్రోహి అన్నోళ్లున్నరు. అననీ.

హోటల్ల టీవీ ముందు పోరగాళ్లు బాంబు పడ్డ వార్తకు చప్పట్లు కొడితే కాక చాయ్ పక్కకు పెట్టేటోడు.

"ఏ గల్లీల పడ్డది బిడ్డా?"

"గల్లీతోని ఏం పని కాకా? దుష్మన్ మీద పడ్డది, నీకేం ఫికర్!"

నేను టీవీకి అడ్డంగ లేచి వాళ్లమీద గొంతు చించుకునేటోణ్ని. ఆయన నన్నే కసిరేటోడు: "నువ్వు జర పక్కకు జరుగు. టీవీల ఆ పొగ ఎనుక మనుషులు నడుస్తుండ్రు, కనవడనియ్."

మంచం పట్టినంక ఒకనాడు నా ఫోన్ అడిగిండు. ఏదో దేశంల కూలిన బజారు ఫొటో. ఇటుకల కుప్ప ముందు నిలబడ్డ ముసలామె ముఖాన్ని వేళ్లతో పెద్దగ చేసి చానాసేపు చూసిండు.

"గీమె కాదు" అన్నడు.

అది సంబురమో, దుఃఖమో నాకు సమజ్ కాలే. ఆ ముఖాన్ని మెల్లగ జరిపి, ఆమె వెనుక దుమ్ముల నిలబడ్డోళ్ల దిక్కు వేలు పోనిచ్చిండు.