ఖాళీ డబ్బా ముందు కుర్చీ

మా ఇంట్లో కంప్యూటరు తీసేసి ట్యాబ్‌తో సరిపెట్టుకోవచ్చా లేదా అన్నది తేల్చడానికి మా ఆయన వారం రోజుల గడువు పెట్టారు. ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్టు ఆయనది. ఏ వస్తువును చూసినా బండిని చూసినట్టే చూస్తారు. "కూరగాయలు తేవడానికి లారీ ఎందుకే? స్కూటీ చాలదూ?" అన్నారు. అసలు సంగతి అది కాదు. గుణదలలో మా ఇంటి ముందుగది చిన్నది. కంప్యూటరు బల్ల ఉన్న మూలలో వెనక్కి వాలే సోఫా ఒకటి వేయించుకుని, అందులో పడుకుని క్రికెట్ చూడాలని ఆయన కోరిక. టేపు పట్టుకుని ఆ మూలను అప్పటికే రెండుసార్లు కొలిచారు.

ఆ బల్ల మీద నాకు పని ఉంది. ఒక పెళ్లి సంబంధాల బ్యూరోకి ఇంట్లోంచే బయోడేటాలు టైపు చేసి పంపుతాను. అబ్బాయి ఎత్తు, అమ్మాయి చదువు, గోత్రం, పొలం చల్లపల్లి దగ్గరా ఇంకెక్కడన్నానా, అన్నీ పద్ధతిగా రాయాలి. నిజం చెప్పాలంటే పనికన్నా నాకు ఆ కుర్చీ ముఖ్యం. పదకొండు నుంచి ఒంటిగంట దాకా నేను అందులో కూర్చుంటే ఇంట్లో ఎవరూ నన్ను పిలవరు. రోజు మొత్తంలో నావి అనుకునే గంటలు ఆ రెండే.

ఆ నియమం పెట్టింది మా అత్తయ్యగారు. ఆవిడ నేతపని ఇంట్లో పుట్టారు. వాళ్ల నాన్న మగ్గం గుంటలోకి దిగాడంటే ఇక ఎవరూ ఆయన్ని పలకరించేవాళ్లు కాదట. పలకరిస్తే చెయ్యి తప్పుతుంది, పోగు తెగుతుంది. నేను కంప్యూటరు ముందు కూర్చున్న మొదటిరోజే ఆవిడ చాటింపు వేశారు, "మగ్గం మీదున్న మనిషిని కదిలించమాకండి" అని. అప్పటినుంచి మామయ్యగారు కూడా టీవీ శబ్దం తగ్గించేవారు. "మరి మీరెక్కడ కూర్చునేవారు అత్తయ్యగారూ?" అని ఒకసారి అడిగాను. "మాకు కూర్చోడమేంటే? అన్నం ఉడికేలోపు నాలుగు నూలు కండెలు చుట్టేవాళ్లం, పిల్లాడు లేచేలోపు ఇంకో రెండు," అని నవ్వేశారు. నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

ట్యాబ్ వచ్చింది. వారం పాటు కుర్చీ జోలికి పోకుండా, దివాను మీద కూర్చుని నా పనంతా దాంట్లోనే చేసి చూడాలి. అది పరీక్ష తప్పుతుందని ఎంతో ఆశపడ్డాను. ఆ పాడు వస్తువు ఎక్కడా తప్పలేదు. తెలుగు చక్కగా టైపు అయింది. ఫోటోలు పెట్టింది, మెయిళ్లు పంపింది, కరెంటు పోయినా దాని మానాన అది పనిచేసింది. మా ఆయన సాయంత్రం రాగానే, "ఎట్టా లాగుతోంది బండి?" అని అడిగేవారు. బాగానే లాగుతోందని ఒప్పుకోక తప్పేది కాదు.

తప్పింది నేను. కంప్యూటరు ముందు కూర్చుంటే ఉద్యోగస్తురాలిని. అదే పని దివాను మీద ట్యాబ్‌లో చేస్తుంటే ఖాళీ మనిషిని. మొదటిరోజే అత్తయ్యగారు చిక్కుడుకాయల పళ్లెం తెచ్చి నా ఒళ్లో పెట్టారు. చదునుగా ఉంది కదా అని సరిగ్గా ట్యాబ్ మీదే పెట్టారు. అది ఎక్కడ తగిలిందో ఏమో, అంకెల మధ్య చుక్క ఎగిరిపోయి ఐదున్నర అడుగుల పెళ్లికొడుకు యాభై ఐదు అడుగులయ్యాడు.

రెండోరోజు మామయ్యగారు వచ్చి, "ఖాళీగానే ఉన్నావుగా అమ్మా, కాస్త టీ పెడతావా?" అన్నారు. పనిలో ఉన్నానన్నాను. ఆయన నా చేతిలోకి తొంగిచూసి, ఎంతో పెద్దమనసుతో, "సర్లే, ఆ వీడియో అయ్యాకే పెట్టు," అన్నారు. ఒళ్లు మండిపోయింది. మూడోరోజు పక్కింటావిడ వచ్చి, ట్యాబ్ నా చేతుల్లోంచి తీసుకుని, పెళ్లికొడుకుల్ని ఒక్కొక్కరినే వేలితో తోసేస్తూ, "అబ్బే, ఈ ముక్కు మాకొద్దు," అంటూ గంట కూర్చుంది. వాళ్లింట్లో పెళ్లికెదిగిన వాళ్లెవరూ లేరు.

అసలు ఘోరం నాలుగోరోజు జరిగింది. అత్తయ్యగారు వంటింట్లోంచి ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. ఒళ్లో కాయలు, చేతిలో బయోడేటా, నోట్లో జవాబులు. ఒక అమ్మాయి అభిరుచులు రాయాల్సిన చోట "చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం" అని కొట్టేసి పంపించేశాను. మర్నాడు బ్యూరో నడిపే ఆవిడ ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. "ఏం రాశారండీ! ఒక్కరోజులో మూడు సంబంధాలు వచ్చినాయి. మిగతా అమ్మాయిలక్కూడా ఇట్టాంటిదే ఏదన్నా పెట్టండి," అంది.

ఆ అమ్మాయి ఎం.టెక్. చదివింది. ఆ ముక్క తీయించేసి, ఫోన్ పెట్టేసి, నేను ఏడ్చాను. నవ్వాల్సిన చోట ఏడుపొచ్చిందంటే నా పరిస్థితి ఎట్లా ఉందో చూడండి. చదువులన్నీ పోయి చిక్కుడుకాయలు మిగిలాయి, ఆ అమ్మాయికీ నాకూ.

లేచి వెళ్లి కంప్యూటరు ముందు కూర్చుని స్విచ్చి నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. కింద ఉన్న సీపీయూ డబ్బాను పట్టుకుని కదిపితే తేలిగ్గా చేతిలోకి వచ్చేసింది. మా ఆయనకు ఫోన్ చేశాను. "ఓ, అదా! లోపలి సామాను విప్పి తెచ్చానే. మన కొట్టు కంప్యూటర్‌కి కావాల్సొచ్చింది. ఎట్టాగూ తీసేసేదేగా?" అన్నారు. ఆటోనగర్ బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆగిన బండి కనబడితే పార్టులు విప్పకుండా ఉండలేరు. గడువు ఇంకా రెండు రోజులుంది.

కోపంతో అక్కడే కూర్చుండిపోయాను. నల్లటి మానిటరుకు ట్యాబ్ ఆనించి టైపు చేయసాగాను. మామయ్యగారు గదిలోకి వచ్చారు, నన్ను చూశారు, టీవీ శబ్దం తగ్గించారు. అత్తయ్యగారు వంకాయలు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్లిపోయారు. భోజనానికి మా ఆయన వచ్చారు. ఆ డబ్బాలో ఏమీ లేదని అందరికన్నా బాగా తెలిసిన మనిషి. చెప్పులు మెల్లగా విడిచి, గొంతు తగ్గించి, "పనిలో ఉన్నావా? సర్లే, తర్వాత మాట్లాడతా," అన్నారు. కాసేపటికి తను ఏమన్నారో ఆయనకే తట్టినట్టుంది, డబ్బా వంక చూసి తల గోక్కున్నారు.

"ఇవన్నీ ఇక్కడే ఉంటాయి," అన్నాను.

"దాంట్లో ఏం లేదుగా?"

"మీ కొట్టు ముందు నిలబెట్టిన లారీలో ఇంజిన్ ఉందా? దాని మీద కొట్టు పేరు రాయించుకోలేదూ?"

ఆయన టేపు తీసుకెళ్లి లోపల పెట్టేశారు.

నెల తిరిగింది. మొన్న మధ్యాహ్నం బ్యాంకు పని చూసుకుని ఇంటికి వచ్చేసరికి నా కుర్చీలో అత్తయ్యగారు కూర్చుని ఉన్నారు. ట్యాబ్ నా సంచిలోనే ఉంది. ఆవిడ ఎదురుగా నల్లటి మానిటరు, కింద ఖాళీ డబ్బా. ఒక చెయ్యి మౌస్ మీద ఉంది. కళ్లు మూసుకున్నారు. నేను కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో ఆవిడ పగటిపూట ఊరికే కూర్చోవడం నేను చూడలేదు. నాకు సిగ్గేసింది. ఆ కుర్చీ కోసం వారం రోజులు పోట్లాడినదాన్ని, ఆవిడకూ ఒకటి కావాలేమోనని ఏనాడూ అనుకోలేదు.

"ఏమేవ్, టీ!" అని వరండాలోంచి మామయ్యగారు కేకేశారు.

"పనిలో ఉన్నా," అన్నారు అత్తయ్యగారు కళ్లు తెరవకుండానే.

ఆయన లేచి గుమ్మంలోకి వచ్చారు. ఏం పని అని అడగబోయి నా వంక చూశారు.

"మగ్గం మీదున్న మనిషిని కదిలించకూడదు మామయ్యగారూ," అన్నాను.

ఆయన మెల్లగా వంటింట్లోకి వెళ్లారు. డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీస్తున్న చప్పుడు వినబడింది. తర్వాత మునివేళ్ల మీద నడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, పంచదార ఏ డబ్బాలో ఉంటుందని గుసగుసగా అడిగారు.

అత్తయ్యగారు వెనక్కి తిరగలేదు. మౌస్ మాత్రం కొంచెం కదిపారు.