బ్రీడా చేతి దాణా

క్వయట్ కర్లూ ఓడిపోయాడు. గుర్రాన్ని పట్టుకుని ఓడిపోయాడంటావేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. టిప్పరరీలో పందెపు గుర్రాలను తయారుచేసే మాలకీ డెవేన్ లాయంలో ఏ గుర్రాన్నీ 'అది' అనరు. పందెం బోర్డు మీద వాడు క్వయట్ కర్లూ, లాయంలో డోనీ. మూడేళ్ళుగా ఐర్లండ్ కంచె పందేలకు వాడే రాజు. అంతటివాడు ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం, లెపర్డ్స్‌టౌన్ మైదానంలో జనమంతా చూస్తుండగా, ఆఖరి మలుపు దగ్గర నెమ్మదించి అయిదోవాడిగా ఈడ్చుకుంటూ వచ్చాడు. పడలేదు, కాలు మెలికపడలేదు, కంచెలన్నీ శుభ్రంగానే దాటాడు. ఒంట్లో పరుగే లేదు, అంతే.

దుప్పటి భుజాన వేసుకుని, పగ్గం చేతపట్టుకుని వాడి కోసం నిలబడింది బ్రీడా టూహీ. డోనీని సాకే మనిషి ఆమే. గెలిచిన గుర్రాలకు వేరే ఆవరణ ఉంది, అక్కడ చప్పట్లు, ఫోటోలు. ఓడినవాటికి మైదానం పక్కన తడిగడ్డి. రౌతు దిగి జీను తీసుకుని తలొంచుకుని వెళ్ళిపోయాడు. బ్రీడా పగ్గం పట్టుకుని గడ్డి వైపు నడిపించబోతే, డోనీ అలవాటుకొద్దీ గెలిచినవాళ్ళ ఆవరణ వైపే లాగాడు. వాడికేం తెలుసు పాపం! గేటు దగ్గర ముసలాయన చెయ్యి అడ్డంపెట్టాడు.

"ఇవాళ అటు కాదమ్మా," అన్నాడు మెల్లగా.

ఆ మాటకు బ్రీడాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన గట్టిగా కసిరినా బాగుండేది.

గుర్రానికి నోరు లేదు కనక ఆ వారమంతా ఊరే వాడి తరఫున మాట్లాడింది. పబ్బులో ఎవరి గ్లాసు ముందు వాళ్ళు పండితులు.

"రౌతు కొద్దీ గుర్రం. ఆ కుర్రాడు ముందే తొందరపెట్టాడు."

"రౌతు ఏం చేస్తాడోయ్, పదకొండేళ్ళొచ్చాయి దానికి. ఆ వయసుకి మా బావ మంచం దిగడానికే గంట తీసుకుంటున్నాడు."

"మీ బావ ఎప్పుడు పరిగెత్తాడు, పబ్బు మూసే వేళప్పుడు తప్ప?"

పత్రికలు మాత్రం నవ్వలేదు. వసంతంలో పంచస్‌టౌన్ పందేనికి డోనీని దింపుతారా, ఇంతటితో విశ్రాంతి ఇస్తారా అన్నదే వాటి ప్రశ్న. విశ్రాంతి ఇస్తే వాడు లాయంలో ఉండడు. మేయోలో ఉన్న వాడి యజమానురాలు గార్వీ దొరసాని పచ్చికకు వెళ్ళిపోతాడు. ఆ సంగతి పబ్బులో ఎవరికీ పట్టలేదు. బ్రీడాకు మాత్రం అది తప్ప ఇంకేదీ పట్టలేదు.

ఎందుకు పట్టిందంటే, ఆమె బతుకు గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. ఆఫలీ నుంచి పదిహేడేళ్ళప్పుడు ఒక సంచీతో వచ్చింది. మెడ ఎముక, మణికట్టు, పక్కటెముకలు, అన్నీ ఆ లాయంలోనే విరిగి అక్కడే అతుక్కున్నాయి. ఒకప్పుడు గుర్రాలకు నాడాలు కొట్టే డెక్లన్ అనే మనిషి, ఇంగ్లండ్‌లో పని దొరికింది, నాతో వచ్చెయ్ అన్నాడు. ఆ వారంలోనే రెండు గుర్రాలకు దగ్గు పట్టుకుంది. తగ్గాక వస్తానంది. ఆ రెండింటికీ తగ్గేసరికి ఇంకోదానికి పట్టుకుంది. అలా ఆ రావడం ఎప్పటికీ కాలేదు. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. లాయం వెనక ఒక కారవాన్‌లో, చక్రాల మీది గదిలో ఉంటుంది. ఒక కెటిల్, ఒక కప్పు, ఆదివారం చర్చి. చర్చిలో పక్కవాళ్ళకు చెయ్యి కలిపి శాంతి చెప్పుకునే ఘట్టం వస్తే, ఆమె బెంచీలో ఆమె ఒక్కతే.

నాలుగేళ్ళ పిల్లవాడిగా డోనీ ఆమె చేతికి వచ్చాడు. మొదటి వారమే భుజం కొరికాడు. ఆమె మూతి మీద ఒకటిచ్చింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ స్నేహం.

ఇక ఆ లాయం పద్ధతి. రోజూ సాయంత్రం నాలుగింటికి మాలకీ గది గదికీ వస్తాడు. సాకేవాళ్ళు గుర్రం తల పట్టుకుని నిలబడాలి. ఆయన నాలుగు కాళ్ళూ తడిమి, చివరికి దాణా గాడిలో చెయ్యి పెట్టి అడుగంటా తడుముతాడు. "తిన్నాడా?" అని ఒకే ప్రశ్న. "తిన్నాడు బాస్," అని ఒకే జవాబు. అంతటితో పక్క గదికి. గాడి నాకేసిన గుర్రం పందేనికి వెళుతుంది, మిగిల్చిన గుర్రం వెళ్ళదు. డాక్టర్లు, రక్తపరీక్షలు అన్నీ ఆ తరువాతే. గుర్రానికి పరిగెత్తాలని ఉందో లేదో చెప్పేది గాడి ఒక్కటే అని ఆ ఇంట్లో తాతల నాటి నమ్మకం.

క్రిస్మస్‌కు ముందు ఒక మధ్యాహ్నం డోనీ గాడిలోని ఓట్స్ గింజలు వాసన చూసి గోడకేసి తిరిగాడు. బ్రీడాకు భయమేసింది. జబ్బేమోనని కాదు. నాలుగింటికి బాస్ చెయ్యి పెడతాడు, మిగిలింది చూస్తాడు, పదకొండేళ్ళు వస్తున్నాయి చాలంటాడు. గుప్పెడు ఓట్స్ తీసి వాడి పెదవి కింద పెట్టింది. మొహమాటానికి నాకాడు. "ఇంకొక్క గుప్పెడు, మా నాయన కదూ," అంది. అదీ తిన్నాడు. బోర్లించిన బకెట్ మీద కూర్చుని గాడి అంతా గుప్పెడు గుప్పెడుగా ఖాళీచేసింది. వాడి వెచ్చటి ఊపిరి మణికట్టుకు తగులుతుంటే, ఒక ప్రాణి తన చేతిని ముట్టుకుని ఎన్నాళ్ళయిందోనని లెక్కపెట్టబోయి మానేసింది. ఆమెకు ఎంత హాయిగా ఉందంటే, మర్నాడు వాడు గాడి దగ్గరకు వెళ్ళకముందే చెయ్యి చాపింది.

సాయంత్రం గాడి ఖాళీ.

"తిన్నాడా?"

"తిన్నాడు బాస్."

అబద్ధమేముంది అందులో? తిన్నాడుగా! కానీ ఆ ప్రశ్న కడుపు గురించి అడిగింది కాదు. ఆ సంగతి ఆ లాయంలో పిల్లికి కూడా తెలుసు. బ్రీడాకు తెలియదా? తెలుసు. తెలిసే లెపర్డ్స్‌టౌన్ దాకా లాక్కొచ్చింది.

పందెం తరువాత డాక్టరు ఊపిరితిత్తులు చూశాడు, గుండె చూశాడు, రక్తం తీశాడు. ఏమీ లేదన్నాడు. ఆ సాయంత్రం మాలకీ గాడి తడిమి తృప్తిగా చెయ్యి దులుపుకున్నాడు.

"గుండె గట్టిగా ఉంది, గాడి నాకేస్తున్నాడు. ఒక చెడ్డరోజు, అంతే. తప్పంతా రౌతుది. పంచస్‌టౌన్‌లో చూపిద్దాం, ఏమంటావ్?"

"మీ ఇష్టం బాస్," అంది బ్రీడా. డోనీ ఉంటున్నాడు. ఆ సంతోషం ఒక వారం కూడా నిలవలేదు.

మార్చిలో కంచెల సాధనకు తీసుకెళ్ళారు. కళ్ళు మూసుకుని దాటే చిన్న కంచె దగ్గర డోనీ కాళ్ళు ఆలస్యంగా ఎత్తాడు. పొట్ట కంచెను రాసుకుంది, మోకాళ్ళ మీద వాలి ఎలాగో లేచాడు. పైనున్న కుర్రాడు మెడ పట్టుకుని వేలాడాడు. పెద్ద పాలేరు ఫింటన్ పరుగెత్తుకెళ్ళి పగ్గం పట్టుకుని, "ఏంట్రా మహారాజా, కంచె కనపడలేదా?" అని నవ్వేశాడు. బ్రీడాకు నవ్వు రాలేదు. పంచస్‌టౌన్ కంచెలు ఇంత చిన్నవి కావు. వాడు గోడకేసి తిరిగి ఎన్నడో చెప్పాడు, తనే వాడి నోట్లో గుప్పిళ్ళు కుక్కి మాట రాకుండా చేసింది. వాడు మెడ విరిగి పడితే ఆ పాపం ఎవరిది?

ఆ మధ్యాహ్నం గాడిలో ఓట్స్ పోసి ఆమె గోడకానుకుని నిలబడింది. చేతులు రెండూ చంకల్లో దాచుకుంది. డోనీ గాడి చూశాడు, ఆమెను చూశాడు. వచ్చి మూతితో మోచెయ్యి పొడిచాడు. చెయ్యి ఇవ్వమని. "పోరా, వెళ్ళి తిను," అంది. వెళ్ళలేదు. ఇంకోసారి పొడిచాడు. ఆమె ముఖం తిప్పుకుంది. ఆ గంటన్నరలో చేతులు బయటికి తియ్యకుండా ఉండటం కన్నా కష్టమైన పని ఆ లాయంలో ఆమె ఎన్నడూ చెయ్యలేదు.

నాలుగింటికి మాలకీ వచ్చాడు. కాళ్ళు తడిమాడు. గాడిలో చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"తినలేదేం?"

"వాడికి వాడుగా తిని చాలా రోజులైంది బాస్. నేను చేత్తో పెడుతున్నాను."

"ఎప్పటినుంచి?"

"క్రిస్మస్‌కి ముందునుంచి."

"అంటే లెపర్డ్స్‌టౌన్‌కి ముందే."

"ముందే."

మాలకీ గట్టిగా అరిచే మనిషి. అరుస్తాడనుకుంది. అరవలేదు.

"పేపరువాళ్ళ ముందు ఆ రౌతు కుర్రాణ్ణి నానా మాటలూ అన్నాను. ఇప్పుడు వాడికి ఏ ముఖం పెట్టుకుని చెప్పను? ఇన్నేళ్ళూ నీ ఒక్క మాట మీద గుర్రాల్ని పంపాను కదే బ్రీడా!"

ఆమె డోనీ తల పట్టుకునే నిలబడింది. ఏం చెబుతుంది, వాడు తప్ప నాకెవరూ లేరు బాస్ అనా? అది ఆయనకు తెలియని సంగతేం కాదు.

క్వయట్ కర్లూ ఇక పరిగెత్తడని మర్నాడు పత్రికలకు చెప్పారు. పబ్బులో వాడి పేరు మీద గ్లాసులు ఎత్తారు. మాలకీ బ్రీడాను పనిలోంచి తియ్యలేదు, పైగా ఇంకో రెండు కుర్ర గుర్రాలను అప్పగించాడు. కానీ సాయంత్రం వచ్చి అందరినీ 'తిన్నాడా' అని అడిగే ఆయన, ఆమె దగ్గర నోరెత్తకుండా గాడి తడుముకుని వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. రోజుకొక్కసారి తనను ఒక మనిషి అడిగే ఆ ఒక్క మాటా పోయింది.

ఏప్రిల్‌లో డోనీని మేయోకు తీసుకెళ్ళారు. లారీ ఫింటన్ నడిపాడు, పక్కన బ్రీడా. దారంతా ఫింటన్ ఏదో ఒకటి వాగుతూనే ఉన్నాడు. "తల్లీ, వాడక్కడ దొరబాబులా ఉంటాడు. నాకూ ఎవరైనా దొరసాని పచ్చిక ఇస్తే బాగుణ్ణు."

"నిన్ను కట్టేస్తే పచ్చికే చచ్చిపోతుందిరా," అంది బ్రీడా. దారి మొత్తంలో ఆమె మాట్లాడింది అదొక్కటే.

గార్వీ దొరసాని మంచి మనిషి. టీ పోసింది, మీరెప్పుడైనా రావచ్చునంది. డోనీకి తోడుగా పొలంలో ఒక ముసలి ఆడగుర్రం ఉంది. బ్రీడా జేబు నిండా ఓట్స్ పోసుకుని వచ్చింది. కొత్తచోటు, బెంగపెట్టుకుంటాడు, తినడు, రెండు రోజులు ఇక్కడే ఉండి మెల్లగా అలవాటు చేస్తానని అడగాలనుకుంది. చిన్న సంచీలో బట్టలు కూడా తెచ్చుకుంది. లారీ సీటు కింద పెట్టి ఫింటన్‌కు చెప్పలేదు.

గేటు తీసి పగ్గం విప్పింది. డోనీ నాలుగడుగులు వేశాడు, వాసన చూశాడు, బురదలో వెల్లకిలా పడి దొర్లాడు. లేచి ఒళ్ళు దులుపుకుని ముసలి గుర్రం పక్కకు వెళ్ళి తల వంచాడు. గడ్డి పరపరా తెంపుకుని తినసాగాడు, ఆకలిమీదున్న కుర్రగుర్రంలా.

బ్రీడా గేటు మీద చేతులానించి చూసింది. వాన మొదలైంది. ఒకసారి "డోనీ" అని పిలిచింది. వాడి చెవి ఒకటి ఇటు తిరిగింది, తల మాత్రం లేవలేదు. ఇంకోసారి పిలవడానికి ఆమెకు మనసు రాలేదు.

ఫింటన్ లారీ హారన్ కొట్టాడు. వచ్చి ఎక్కింది. సీటు కింద సంచీ కాలికి తగిలితే ఇంకా లోపలికి తోసింది.

"ఏం చేస్తున్నాడు మీవాడు?"

"తింటున్నాడురా," అని, ఇక ఆపుకోలేక, రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చేసింది. ఫింటన్ అద్దం తుడిచే మీట నొక్కి, లారీని మెల్లగా రోడ్డెక్కించాడు.