దూలం కింద కూర్చున్న పెద్దాయన

దేవుడి ముందు దీపం పెట్టకుండా నేను మంచినీళ్ళు కూడా ముట్టను. అంతమాత్రాన దయ్యాలనూ నమ్ముతాననుకోవద్దు. మా వీధిలో ఎవరి బిడ్డకైనా గాలి సోకిందని తాయెత్తు కడుతుంటే, ముందు జ్వరం చూపించండమ్మా అని ఆస్పత్రికి తోలేది నేనే. ఇప్పుడు రాస్తున్నది ఎవరినీ భయపెట్టడానికి కాదు. ఆ రోజు నాకు కూడా భయం వెయ్యలేదు. పట్టపగలు, ఎండ బాగా ఎక్కిన పూట, నలుగురూ ఉండగా జరిగింది.

ముందు మా నాయన గురించి చెప్పాలి. నేను బడికి పోలేదు. చిన్నప్పుడు కీళ్ళ జబ్బు చేసి మంచం దిగలేకపోతే నాయనే ఇంట్లో అక్షరాలు దిద్దించాడు. ఆయన కట్టడం మేస్త్రీ. నేను కాస్త నడవగలిగాక సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని పెనుకొండంతా తిప్పేవాడు. గగన్ మహల్ ముందు దింపి, రాజు కట్టించాడని నేను చదివి వినిపిస్తే నవ్వేవాడు.

"రాజు కట్టమని చెప్పి దండెత్తి పాయ. ఎండలో ఈడ నిలబడి చూసిందెవరు పాపా?"

ఆ ప్రశ్నకు జవాబుగా ఆయన నేర్పిన మాట పారుపత్యం. పెద్ద గుళ్ళలో ఆ మాట ఇంకా వాడుకలో ఉంది. రాజుల కాలంలో పెద్ద కట్టడం మొదలుపెడితే దాని మీద రాజు తరఫున ఒక ఉద్యోగిని పెట్టేవారట. రాయి ఏ గుట్ట నుంచి రావాలి, బండ్లు సరిపోతాయా, పనివాళ్ళకు గింజలు అందాయా, అన్నీ ఆయన చూసుకోవాలి. ఎలా కట్టాలో ఆలోచించేవాడు స్థపతి. నూలు పట్టి ఆ ఆలోచనను రాతి మీదికి దించేవాడు సూత్రగ్రాహి. వాళ్ళ పనికి రాజు దగ్గర జవాబు చెప్పాల్సినవాడు ఈ పారుపత్యం చేసే ఉద్యోగి. బాగా వస్తే పేరు రాజుది. కూలితే తల ఈయనది.

మాకు దగ్గరి లేపాక్షి కథ తెలియనివాళ్ళు ఉండరు. గుడి పనులు చూసిన అధికారి మీద రాజుకు అనుమానం వచ్చిందని, ఆయన తన కళ్ళు తానే పీకి గోడకేసి కొట్టాడని చెప్పుకుంటారు. గోడ మీది ఎర్ర మరకలు చూపిస్తారు. నాయన ఆ మరకల దగ్గర ఆగేవాడే కాదు. నన్ను నాట్యమండపం నడిమికి తీసుకుపోయి తలెత్తి కప్పు మీది బొమ్మలు చూడమనేవాడు. "ఆయప్ప కండ్లు పోయిన కథ అందరికీ తెలుసు. ఆ కండ్లు ఏమేం చూసినాయో, అది చూడు" అనేవాడు. ఆ స్తంభాల మధ్య నిలబడితే, నన్ను ఇంత గొప్ప నేల మీద పుట్టించినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకోవాలనిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది.

నాయన పోయాక ఆయన తాపీ మా తమ్ముడు రామాంజి చేతికి వచ్చింది. వాడు హిందూపురంలో కాపురం. ఇళ్ళు కట్టిస్తాడు, పాత గుళ్ళ మరమ్మతులూ చేయిస్తాడు. నాకున్న తోబుట్టువు వాడొక్కడే.

మొన్నామధ్య పెనుకొండ నుంచి ధర్మవరం వెళ్ళే దారిలో ఒక పల్లెవాళ్ళు తమ ఆంజనేయస్వామి గుడి ముందున్న రాతి మండపం బాగుచేయమని వాడికి అప్పజెప్పారు. రాజుల నాటి మండపమే. కప్పు మీద చెట్టు మొలిచి, వేళ్ళు దిగి, బండలు పక్కకు జరిగాయి. మొత్తం విప్పి, అవే రాళ్ళతో తిరిగి నిలబెట్టాలి. విప్పిన జట్టు చిలమత్తూరు అవతల, కర్ణాటక వైపు నుంచి వచ్చింది. ఏ రాయి ఎక్కడిదో తెలియడానికి వాళ్ళు ప్రతి దూలం మీదా ఎర్ర రంగుతో కన్నడ అంకెలు వేశారు. ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి, ఆ జట్టు వేరే పనికి వెళ్ళిపోయింది. తిరిగి నిలబెట్టే పని రామాంజి మనుషులది.

పని జరిగిన రోజులన్నీ నేను ఆటోలో వెళ్ళి వాడికి అన్నం ఇచ్చి వచ్చేదాన్ని. అన్నం ఒక వంక మాత్రమే. అంతకుముందు ఇంకో చోట బండ జారి ఒకతని పాదం నలిగింది. అప్పటి నుంచి వాడు రాళ్ళ కింద నిలబడతాడంటే నాకు ఇంట్లో కాలు నిలవదు. దూలాన్ని హైడ్రా అనే క్రేను బండితో ఎత్తి, స్తంభం తలమీది బోదిగ మీద కూర్చోబెట్టేటప్పుడు కింద నిలబడి తాడుతో తిప్పేది రామాంజే. దాని మీద కప్పు బండలు ఎక్కిస్తుంటే, కింద ఊతంగా పెట్టిన గుంజలు సర్దేదీ వాడే. ఇంకొకరిని ఆ పనికి పెట్టరా అంటే, "మా అక్క పారుపత్యం మొదలుపెట్టెనప్పో" అని కూలీల ముందు ఎగతాళి చేసేవాడు.

ఆ రోజు స్వామికి ఎదురుగా ఉన్న నడిమి దూలం ఎక్కించాలి. హిందూపురం నుంచి హైడ్రా వచ్చింది. డ్రైవరు మంజు గౌరిబిదనూరు అబ్బాయి. ఇంట్లో కన్నడం, బయట తెలుగు. ఆ గుడి దగ్గరికి రావడం అతనికి అదే మొదటిసారి.

నేను కొంచెం దూరంలో, నీడలో క్యారియరు పెట్టుకుని కూర్చుని హనుమాన్ చాలీసా చదువుకుంటున్నాను. దూలం గాలిలోకి లేచింది. రామాంజి రెండు స్తంభాల మధ్య నిలబడి తాడు పట్టుకున్నాడు. దూలం నెమ్మదిగా దిగుతోంది.

అప్పుడు చూశాను. రామాంజికి చేతికందేంత దగ్గరలో, స్తంభానికి వీపు ఆనించి ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తెల్ల పంచె, భుజాన ఉత్తరీయం. తల మీద ఏదో పొడుగ్గా చుట్టుకున్నాడు. తువ్వాలేమో అనుకున్నాను. ఊరి పెద్ద ఎవరో పని చూడడానికి వచ్చారనుకున్నాను. ఆయన అరచెయ్యి స్తంభం మీద ఆనించి పెట్టాడు, కట్టేసిన ఆవు వీపు మీద చెయ్యి వేసినట్టు. తల మీదికి దిగుతున్న దూలం వైపు చూడడం లేదు. రామాంజి ముఖం వైపు చూస్తున్నాడు. కోపం లేదు. పని చూసేవాడు పనివాడిని చూసే చూపు. మా నాయన చూపు కూడా అలాగే ఉండేది, అందుకే గుర్తుపట్టాను.

"ఇది ఈడిది కాదు" అన్నాడాయన.

నాకు బాగా వినిపించింది. గట్టిగా అరవలేదు. పక్కన కూర్చున్న మనిషితో చెప్పినట్టు అన్నాడు.

దూలం గాలిలోనే ఆగింది. మంజు హైడ్రా ఆపేశాడు.

"ఏమప్పా, నిలిపేస్తివి? దించు దించు" అని రామాంజి అరిచాడు.

మంజు క్యాబిన్ లోంచి తల బయటపెట్టాడు. "ఆ యజమాన్రుని ముందు లేపప్పా. ఆయప్ప కింద కూసోనుంటే ఎట్ల దించేది?"

"ఏ యజమాన్రు?"

"నీ పక్కనే ఉండారు కదప్పా, ముసలాయప్ప."

రామాంజి అటూ ఇటూ చూశాడు. "ఈడ నేను తప్ప కుక్కపిల్ల కూడా లేదు. కండ్లు మసకలు కమ్మినాయా ఏమి?"

పక్కన ఇసుక జల్లిస్తున్న నారాయణమ్మ నవ్వింది. "ఎండ దెబ్బ తగిలుంటాది. మజ్జిగ పొయ్యండబ్బా ఆ పిల్లోనికి."

నేను లేచి రెండడుగులు వేశాను. "రామాంజీ, నేనూ చూసినాను. ఆ స్తంభం కాడ ఉండాడు" అని చెయ్యి చూపించాను. చూపించేసరికి అక్కడ ఎవరూ లేరు. ఆయన లేవడం నేను చూడలేదు. మంజూ చూడలేదు. మండపానికి ఒకవైపు గుడి గోడ, మిగతా మూడు వైపులా కోసేసిన వేరుశనగ చేను. దాక్కోవడానికి ఒక పొద కూడా లేదు.

ఇద్దరం ఒకటే చెబుతుండేసరికి రామాంజి తాడు వదిలి బయటికొచ్చాడు. "సరే, ఉండెననుకో. ఏమన్నా చెప్పెనా?"

"ఇది ఈడిది కాదు అన్నాడు" అన్నాను నేను.

మంజు తల అడ్డంగా ఊపాడు. "తెలుగులో యాడ అన్నారక్కా? 'ఇదు ఇల్లీదల్ల' అన్నారు. మా తాత మాట్లాడినట్ల, శుద్ధ కన్నడం."

రెండు మాటల అర్థమూ ఒకటే. నాకు తెలుగులో వినపడింది, అతనికి కన్నడంలో. అతనున్నది తలుపేసిన క్యాబిన్లో, ఇంజను రొదలో. పక్కనే ఉన్న రామాంజికి ఏమీ వినపడలేదు.

"ఈడిది కాకపోతే యాడిది? ఈ రాయి కూడా కూలికి బెంగళూరు పోయొచ్చెనా?" అని నారాయణమ్మ మళ్ళీ అంది. అందరూ నవ్వారు. రామాంజి నవ్వలేదు. దూలాన్ని పక్కన నేల మీద దింపించి, టేపు తెచ్చి కొలిచాడు. తర్వాత పైకెక్కి రెండు స్తంభాల నడిమి ఎడం కొలిచాడు. దిగి వచ్చి మళ్ళీ దూలం కొలిచాడు.

దూలం పొట్టి. చూపుకు తెలిసేంత కాదు, ఒక అరచెయ్యి వెడల్పు. ఆ కాలంవాళ్ళు స్వామి ముందరి ఎడాన్ని పక్క ఎడాల కంటే కాస్త వెడల్పుగా పెట్టారు, దర్శనానికి అడ్డం లేకుండా. ఇక్కడికి రావాల్సింది ఆరో దూలం, ఇది పక్క వరస తొమ్మిదోది. కన్నడంలో ఆరూ తొమ్మిదీ దగ్గర పోలికలో ఉంటాయి, తోక తిరిగే తీరులోనే తేడా. వానకు ఆ తోక కాస్త చెరిగింది. మా వాళ్ళు తొమ్మిదిని ఆరు అనుకున్నారు. రోజూ కన్నడ బస్సుల నంబర్లు చదివే అలవాటు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు, అడగాలని తోచలేదు.

బోదిగ మీద గార పరిచి ఉంది. దూలం దాని మీద కూర్చున్నట్టే కనిపించేది. హైడ్రా బెల్టులు విప్పినా జారేది కాదేమో. కప్పు బండలు ఎక్కించేటప్పుడు, ఆ బరువుకు అంచు మీద నుంచి జారేది. అప్పుడు కింద గుంజలు సర్దుతూ ఉండేది రామాంజే.

వాడు టేపు చేతిలో పట్టుకుని తాను నిలబడాల్సిన చోటు వైపు కాసేపు చూశాడు. తర్వాత వచ్చి నా పక్కన కూలబడి, "అన్నం పెట్టక్కా" అన్నాడు. కలిపి ముద్దలు పెట్టాను. చిన్నప్పుడు తిన్నట్టు తిన్నాడు.

అసలు ఆరో దూలం చేనుగట్టున పడి ఉంది. సాయంత్రానికి దాన్ని తెచ్చి పెడితే, కొలిచి కోసినట్టు కూర్చుంది. ఎన్నో వందల ఏళ్ళ కిందట ఎవరో నూలు పట్టి చూసిన కొలత అది. ఆ నూలు పట్టినవాడిని ఎవరో నిలబడి చూశారు. వాళ్ళిద్దరి పేర్లూ ఆ మండపం మీద ఎక్కడా లేవు. నేను ప్రతి స్తంభమూ వెతికాను.

ఊళ్ళో అడిగాం. అలాంటి పెద్దాయన మా ఊళ్ళో లేడన్నారు. గుడి అయ్యవారు, దారిన పోయే భక్తుడెవరో అయి ఉంటాడన్నారు. మా ఇంటాయన ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, దేనికైనా కారణం ఉండాలంటాడు. "నువ్వు రోజూ ఆ అంకెలు చూస్తాండావు. మీ నాయన నీకు పాత తెలుగంకెలు నేర్పించినాడు. నీ మనసు తప్పు కనిపెట్టింది, కంటికి మనిషిని చూపించింది" అన్నాడు. నా మటుకు నేను అది ఒప్పుకుంటాను. ఆ పాతంకెలూ అదే పోలికలో ఉంటాయి, లోపల ఎక్కడో తట్టి ఉండవచ్చు. మరి మంజు? అతను అంతకుముందు ఆ రాళ్ళ ముఖం కూడా చూడలేదు. అది అడిగితే మా ఇంటాయన, "వానిదేమో నాకు తెలీదబ్బా" అని పేపరు తీసుకున్నాడు.

దయ్యమని నేను అనను. దేవుడే వచ్చాడని చెప్పుకునే పుణ్యం నాకుందని కూడా అనుకోను. ఆ పనికి ఒకప్పుడు పారుపత్యం చేసిన మనిషి, అప్పగించిన పని ఇంకా అయిపోలేదనుకున్నాడేమో. అంతకు మించి నాకు అందడం లేదు. ఎన్నిసార్లు తలచుకున్నా అక్కడే ఆగిపోతాను. ఆయన ఎవరైనా, నా తమ్ముడిని నాకు మిగిల్చాడు. రోజూ దీపం దగ్గర ఆయనకూ ఒక దణ్ణం పెట్టుకుంటాను, ఏ పేరుతో పిలవాలో తెలియక ఊరికే అయ్యా అనుకుంటాను.

మండపం పూర్తయిన రోజు ఊరివాళ్ళు పనివాళ్ళకు బట్టలు పెట్టారు. నారాయణమ్మకు చీర, మంజుకు పంచె, అందరికీ అయ్యాక పెద్ద మనిషి ఒకాయన, "పని చూసిన మేస్త్రీ రావాలప్పా" అని పిలిచాడు. రామాంజి వెళ్ళి పట్టుపంచె తీసుకున్నాడు. ధర్మవరం నుంచి ప్రత్యేకంగా తెప్పించారట, జరీ అంచుది. అందరూ చప్పట్లు కొట్టారు.

వాడు ఆ పంచెను ఇంటికి తీసుకుపోలేదు. మడత విప్పకుండా, పెద్దాయన ఆనుకున్న ఆ స్తంభం మొదలు దగ్గర పెట్టి, చెప్పులు విడిచి, నేలకు నుదురు ఆనించాడు. ఆ రోజు ఆయన్ని చూసింది మేమిద్దరమే, నేనూ మంజూ. ఏమీ చూడని మా తమ్ముడు అక్కడ చాలాసేపు లేవలేదు.