కట్టినవాడు లాగకూడదు

మస్కట్‌లో ఒక పెద్దాయన దగ్గర పదకొండేళ్లు డ్రైవరుగా చేశాను. ఆయనకు ఫ్లై ఫిషింగ్ పిచ్చి. ఈకలతో కట్టిన తేలికపాటి ఎరను గాలిలో ఊపి నీటి మీద వాల్చడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మొన్న సెలవుకి వస్తుంటే పాత రాడ్ ఒకటి చేతిలో పెట్టాడు. దానితో ఊళ్లోనే బతకొచ్చని నాకు బుద్ధి పుట్టింది. పట్నం వాళ్లను పడవలో తిప్పి గోదావరి వశిష్ఠ పాయలో పండుగప్ప చేపలు పట్టిస్తే చాలనుకున్నాను. మొదట వచ్చిన మనిషికి చేప పడితే ఉండిపోవడం, లేదంటే నెలాఖరుకి మళ్లీ విమానం ఎక్కడం అని నేనూ మా ఆవిడా మాట అనుకున్నాం.

ఆ మొదటి మనిషి రాజమండ్రి నుంచి వచ్చిన కంటి డాక్టరు గారు. పొద్దున్న ఏడింటికల్లా సఖినేటిపల్లి రేవులో కారు దిగి ఫోన్ చేశారు. నేను ఇంకా అరుగు మీద లీడర్ కడుతున్నాను. రాడ్ నుంచి వచ్చే లావుపాటి దారానికీ ఎరకూ మధ్య కట్టే నైలాన్ అది. మొదట్లో లావు, పోనుపోను సన్నం. చలికాలం నీరు తేటగా ఉంటుంది కాబట్టి లావుది కడితే చేపకు కనబడుతుంది. సన్నదైతే పండుగప్ప మొప్ప మీది డొప్పకు తగిలి తెగిపోతుంది, ఆ అంచు కత్తే. అందుకని సన్నది కట్టి, చివర మాత్రం మూరెడు లావుది కలపాలనుకున్నాను. ప్రాణమంతా ఆ రెండూ కలిసే ముడిలోనే ఉంది.

మా ఆవిడ పుట్టింటివాళ్లు తరతరాలుగా గోదావరి మీద బతికినవాళ్లు. వాళ్లలో ఒక పద్ధతి ఉంది. ముడి కట్టినవాడు దాన్ని లాగి చూడకూడదు. తన ముడి మీద తనకు జాలి ఉంటుందట. పక్కవాళ్లు లాగాలి. ఆమె చేతికి నైలాన్ చుట్టుకుని లాగింది. జారిపోయింది.

రెండోది కట్టాను. అదీ జారింది. మళ్లీ ఫోన్ మోగింది.

"ఇంకెంతసేపండీ? పోటు తిరిగిపోద్దంటున్నారు."

"ఆయ్, వచ్చేస్తన్నానండీ."

తొందరలో మూడో ముడిని ఉమ్మితో తడపకుండానే బిగించేశాను. అది టప్పున తెగింది.

"తెగిందండీ" అంది మా ఆవిడ, కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు.

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం నాకు కొత్త కాదు. "నేను వెళ్లిపోవాలనే ఉన్నట్టుంది నీకు. అలాగైతే ఆ మాటే చెప్పు" అన్నాను.

ఆమె నా మొహం చూడలేదు. "మళ్లీ కట్టండి" అంది.

నాలుగోది తడిపి, నిదానంగా బిగించి కట్టాను. ఆమె కాలు గుంజకు తన్ని పెట్టి మరీ లాగింది. నిలిచింది. లీడర్ చుట్టి జేబులో వేసుకుని రేవుకి పరుగెత్తాను.

మడ చెట్ల పక్కన గంటసేపు ఏమీ లేదు. తర్వాత ఎర ఉన్నచోట నీరు ఒక్కసారి గుంట పడింది, డాక్టరు గారి రాడ్ వంగింది. చేప పైకి ఎగిరి తల విదిలిస్తుంటే ఆయన చేపను చూశారు, నేను ముడిని చూశాను. అది పడవలోకి రాగానే లీడర్‌ను వేళ్లతో తడిమి చూశాను. చివరి మూరెడు నైలాన్ గరుకు తేలింది. ముడి మాత్రం కదల్లేదు.

"వచ్చే నెల మా తమ్ముణ్ణి కూడా తీసుకొస్తానండీ" అన్నారాయన.

మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే మా ఆవిడ ఎడమ చేత్తో పప్పు వడ్డిస్తోంది. అంత సంతోషంలోనూ నా నోరు ఊరుకోలేదు. "కుడి చేతికేమైంది?" అని గద్దించాను.

చూపించింది. అరచేతికి అడ్డంగా నాలుగు కోతలు, పైన పసుపు అద్ది ఉంది.

"కొంగు చుట్టుకుని లాగొచ్చు కదా."

"ఆ ముడి నిలవాలని మీకంటే నాకే ఎక్కువుందండీ. అందుకే నా చెయ్యి నేను నమ్మలేదు. నొప్పి పుడితేనే కదండీ, గట్టిగా లాగేనని తెలిసేది."

పొద్దున్న నేనన్న మాట ఆమె ఎత్తలేదు. ఇంకాస్త అన్నం పెట్టనా అని అడిగింది. గరిటె ఆమె చేతిలోంచి నేనే అందుకున్నాను.