క్యాసెట్‌లో లేని చరణం

గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పక్క సందులో, మేడ మీద నాకొక చిన్న రికార్డింగ్ గది ఉంది. శబ్దాన్ని శుభ్రం చేయడం నా పని. కింద ఆటోల హారన్లు, లాడ్జి జనరేటరు, ఎదురు హోల్‌సేల్ కొట్లో దించే పెట్టెల చప్పుడు లోపలికి రాకుండా గోడలకీ తలుపుకీ మందపాటి స్పాంజి కొట్టించాను. ఎండాకాలంలో కూడా ఫ్యాను ఆపేసుకుని, చెమటలు కక్కుతూ ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను. రికార్డింగ్‌లో ఎవరి కుర్చీ అయినా కిర్రుమందంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

అలాంటి నా దగ్గరికి వచ్చి, ఈమధ్య అందరూ శబ్దాన్ని చెడగొట్టమని అడుగుతున్నారు.

"మరీ క్లీన్‌గా ఉందండీ మేడమ్. కొంచెం పాతగా చెయ్యండి. క్యాసెట్ ఫీల్ రావాలండీ."

అడిగేవాళ్లలో సగంమంది క్యాసెట్‌ని చేత్తో పట్టుకుని ఎరగరు. అయినా దానికీ సాఫ్ట్‌వేర్ ఉంది. ప్లగిన్ అంటారు. కంప్యూటర్ తెర మీద ఒక టేప్‌రికార్డర్ బొమ్మ కనపడుతుంది. చక్రాలు తిరుగుతుంటాయి. ఒక మీట తిప్పితే పాట వెనకాల సన్నగా బుస మొదలవుతుంది. ఇంకోటి తిప్పితే టేపు ఈడ్చుకుపోతున్నట్టు గొంతు సాగి, మళ్లీ సర్దుకుంటుంది. మరొకటి తిప్పితే, టేపు అరిగిపోయిన చోట జరిగేటట్టు, పాట ఓ క్షణం మాయమై మళ్లీ వస్తుంది. ఒకప్పుడు ఈ జబ్బులన్నీ వదిలించుకోవడానికి దూదితో, స్పిరిట్‌తో టేప్‌రికార్డర్ తుడుచుకుంటూ కూర్చునేవాళ్లం. వదిలించుకున్న జబ్బుల్ని ఇప్పుడు డబ్బిచ్చి కొనుక్కుంటున్నాం. తిట్టుకుంటూనే ఆ మీటలు నేర్చుకున్నాను. నేర్చుకున్నాక, చెప్పొద్దూ, సరదా పుట్టింది. ఏ గొంతునైనా ఏ కాలానికి కావాలంటే ఆ కాలానికి పంపేయగలనని కాస్త పొగరు కూడా వచ్చింది.

ఆ పొగరులో ఉండగానే మా అక్క ఫోన్ చేసింది. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. పామర్రు దాటాక ఒక నేత ఊళ్లో ఉంటారు. అక్క కూతురి పెళ్లి కుదిరింది.

"పెళ్లిలో అమ్మ పాట ఉండాలే. నువ్వే ఏదోటి చెయ్యాలి," అంది అక్క.

పెద్దమ్మ పాట అంటే అప్పగింతల పాట. పాలల్లో చేతులు ముంచి పిల్లని అత్తమామల చేతుల్లో పెట్టేటప్పుడు పాడేది. వాళ్ల వీధిలో పెద్దమ్మ పాడకుండా ఏ ఆడపిల్లా గడప దాటలేదు. పాట మొదలెట్టిందంటే, అప్పటిదాకా బస్సుకి టైమైందని తొందరపెట్టే మగపెళ్లివారు కూడా గమ్మున నిలబడిపోయేవారు. అలాంటి మనిషికి గొంతుకి ఆపరేషన్ అయింది. ప్రాణానికి భయం లేదు గానీ పాట పోయింది. ఇప్పుడు గుసగుసలాంటి మాట ఒక్కటే మిగిలింది. తన సొంత మనవరాలి అప్పగింతలకే పాట లేకుండా పోతోందని పెద్దమ్మ పైకి అనలేదట. పెళ్లి ముహూర్తం పెట్టిన రోజు మాత్రం అన్నం తినలేదట.

పాట ఉన్న క్యాసెట్ ఒకటుంది. పోయిన మా పెదనాన్న, ఇంట్లోనే పెద్దమ్మ చేత పాడించి రికార్డు చేసినది. నాలుగు చరణాల పాట. కాకపోతే మూడో చరణం దగ్గర ఆయనే, పొరపాటున, రేడియోలో వచ్చే వ్యవసాయ కార్యక్రమం రికార్డు చేసేశాడు. రెండో చరణం కాగానే ఒక పెద్దమనిషి వరిలో ఆకుచుట్టు పురుగు గురించి గంభీరంగా మొదలెడతాడు. మందు ఎలా కలపాలో ఆయన చెప్పడం పూర్తవుతుండగా నాలుగో చరణం వచ్చేస్తుంది.

"ఆకుచుట్టు పురుగుతో పిల్లని అత్తారింటికి పంపమంటావా?" అంది అక్క.

"మూడో చరణం నువ్వు పాడు. నీకు ఆ మాటలన్నీ వచ్చుగా."

"నా గొంతేం గొంతే! అమ్మ పాడాక నేనా! పోనీ ఇప్పుడు గొంతులు కూడా కంప్యూటర్లే తయారు చేస్తున్నాయంటగా. అమ్మ గొంతు చేయించలేవా?"

నాకు కోపమొచ్చింది. బతికున్న మనిషికి నకలు గొంతు తయారుచేయనని చెప్పేశాను. అక్క గొంతుకి పాతదనం పూసి మధ్యలో అతకడం వరకైతే చేస్తానన్నాను. ఆ రెంటికీ తేడా ఏమిటని అక్క అడగలేదు. అడిగి ఉంటే నేనేం చెప్పేదాన్నో ఇప్పటికీ తెలియదు.

అక్క బస్సెక్కి గవర్నర్‌పేట వచ్చింది. స్పాంజి గోడల మధ్య, మైకు ముందు బిగుసుకుపోయి, హాజరు పలికే పిల్లలా పాడింది. ఫరవాలేదు, మిగతాది నా మీటలు చూసుకుంటాయనుకున్నాను.

ఆ తర్వాత పాత క్యాసెట్‌ని పట్టుకు కూర్చున్నాను. వైద్యుడు రోగిని చూసినట్టు దాని జబ్బులన్నీ పట్టాను. బుస ఉంది. గొంతు లయగా పైకి లేస్తోంది, వాలుతోంది. టేపు సరిగ్గా తిరగక ఈడుస్తోందన్నమాట. ప్రతి ఊపుకీ వెనక చిన్న కిర్రు. క్యాసెట్ లోపలి చక్రం అరిగింది. మొదటి రెండు చరణాల్లోనూ ఒక్కోచోట, మాట మధ్యలో పాట తెగి మళ్లీ అందుకుంటోంది. అక్కడ టేపు పాడైంది. ఇవన్నీ అక్క పాడిన చరణానికి ఎక్కించాను. అదే ఊపు, అదే కిర్రు, మధ్యలో చిన్న తెగుడు. అతుకు ఎక్కడుందో నాకే తెలియనంత బాగా కుదిరింది. మురిసిపోయాను. భవానీపురంలో ఇంటికెళ్లి అందరికీ ఒకటికి రెండుసార్లు వినిపించాను.

ఆ ఆదివారం పెద్దమ్మకి వినిపించడానికి వెళ్లాను. ఇప్పుడా ఇంట్లో మగ్గం లేదు. మగ్గం గుంట పూడ్చి గచ్చు చేయించారు. దాని మీద ఫ్రిజ్ పెట్టారు. మా బావ చీరల కొట్టు పెట్టుకున్నాక ఇంట్లో నేసేవాళ్లు లేరు. పెద్దమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, చిన్న స్పీకర్ తన ముందు పెట్టి పాట మొదలెట్టాను.

మొదటి చరణం రాగానే పెద్దమ్మ కళ్లు మూసుకుంది. ఒళ్లో ఉన్న కుడిచెయ్యి మెల్లగా కదిలింది. గుండ్రంగా తిరగసాగింది. తాళమేస్తోందనుకున్నాను. ఒకచోట పాట తెగింది. చెయ్యి ఆగింది. రెండు చేతుల వేళ్లూ దగ్గరకొచ్చి ఏదో మెలిపెట్టాయి. పాట అందుకోగానే చెయ్యి మళ్లీ తిరిగింది. రెండో చరణమూ అలాగే సాగింది.

మూడో చరణం వచ్చింది. చెయ్యి ఆగిపోయింది. పెద్దమ్మ కళ్లు తెరిచి, ఇంటికొచ్చిన కొత్త మనిషిని చూసినట్టు మర్యాదగా స్పీకర్ వంక చూస్తూ కూర్చుంది. నేను ఎంతో ముచ్చటపడి పెట్టిన తెగుడు వచ్చింది, పోయింది. వేళ్లు కదల్లేదు. నాలుగో చరణం రాగానే కళ్లు మూతపడ్డాయి, చెయ్యి తిరిగింది.

"బాగుందమ్మా," అంది గుసగుసగా. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చనివాళ్లు ఉప్మా బాగుందంటారు చూడండి, ఆ బాగుందది.

నాకు ఉడుకుమోత్తనం వచ్చింది. మళ్లీ మొదటినుంచి పెట్టాను. ఈసారి పాట వినలేదు, ఆ చెయ్యి ఒక్కటే చూశాను. పాట తెగిన చోట వేళ్లు మళ్లీ మెలిపెట్టాయి.

"ఏం చేస్తున్నావమ్మా?" అంది అక్క.

పెద్దమ్మ కళ్లు తెరవకుండానే అంది: "పోగు తెగింది కదే."

అక్క నావైపు చూసింది. నేను ఫ్రిజ్ వైపు, దాని కింద గచ్చు వైపు చూశాను. ఆ పాట పాడేటప్పుడు పెద్దమ్మ ఊరికే కూర్చోలేదు. రాట్నం తిప్పుతూ, మగ్గం మీదికి నూలు కండెలు చుడుతోంది. కుడిచేత్తో చక్రం, ఎడమచేతి వేళ్ల మధ్య నూలు. చక్రం ఊపుకి గొంతు లేచింది, వాలింది. కిర్రుమన్నది రాట్నం. పోగు తెగితే పాట ఆపి, ముడేసి, ఆపిన మాట దగ్గరే అందుకుంది. చిన్నప్పుడు సెలవులకి వెళ్లినప్పుడు ఆ ఇంట్లో మగ్గం మోతే నా చెవుల్లో ఉండేది గానీ, దాని పక్కన రాట్నం చప్పుడు ఎన్నడూ పట్టలేదు. టేపు జబ్బులని నేను పేర్లు పెట్టినవన్నీ మా పెద్దమ్మ రోజూ చేసుకునే పని. టేపుకి ఉన్న జబ్బు బుస ఒక్కటే. సిగ్గేసింది, సంతోషం కూడా వేసింది. ఇన్నాళ్లూ ఆ పాటలో పెద్దమ్మ గొంతు ఒక్కటే విన్నాను, ఇప్పుడు మొత్తం మనిషి వినపడింది.

"రాట్నం ఉందా?" అన్నాను.

అటక మీద ఉంది. బావ దించి, దుమ్ము దులిపి పెట్టాడు. పెద్దమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని నేల మీద కూర్చుంది. అక్కని పక్కన కూర్చోమంది. ఈసారి నేను ఫ్యాను ఆపమనలేదు, తలుపు వేయమనలేదు. వీధిలో కూరలమ్మే బండి అరుస్తున్నా నాకు ఒళ్లు మండలేదు. నా సంచిలో ఎప్పుడూ ఉండే మైకు తీసి వాళ్లిద్దరి మధ్యా పెట్టాను.

పెద్దమ్మ చక్రం తిప్పింది. అక్క మొదలెట్టింది. మొదటి మాట స్టూడియోలోలాగే బిగుసుకుని వచ్చింది. తర్వాత చక్రం తనని లాక్కుపోయింది. పొద్దున పిల్లకి మెలకువొచ్చేసరికి ఆలస్యమైతే కసరకు వదినా అని పెళ్లికూతురి తల్లి వియ్యపురాలిని అడిగే చరణమది. రాట్నంతోపాటు అటక మీద మాగిన పాత నూలు, సరిగ్గా ఆ అడిగే మాట దగ్గర పుటుక్కున తెగింది. అక్క ఠక్కున ఆగింది. ఎవరూ ఆగమనలేదు. పెద్దమ్మ ముడేసి, చక్రం కదిలించింది. అక్క అదే మాట దగ్గర అందుకుంది. ఆ ఇంట్లో పుట్టిన పిల్ల కదా!

స్టూడియోలో దానికి కాస్త బుస కలిపి, మిగతా మీటలన్నీ సున్నా దగ్గర వదిలేశాను.

పెళ్లి పామర్రులో కల్యాణమండపంలో జరిగింది. అప్పగింతలప్పుడు పళ్లెంలో పాలు పోశారు. నేను మైకుసెట్టు అతని పక్కన నిలబడి పాట పెట్టించాను. పెద్దమ్మ ముందు వరసలో కూర్చుంది. నా చూపు ఆ చేతి మీదే ఉంది. మొదటి చరణం, రెండో చరణం. మూడోది వచ్చింది. చెయ్యి ఆగలేదు. తిరుగుతూనే ఉంది. నాకు కళ్లు చెమర్చాయి.

పోగు తెగిన చోటు వచ్చింది. పాట ఆగింది. పెద్దమ్మ వేళ్లు గాలిలో ముడేశాయి. చెయ్యి మళ్లీ లేచింది గానీ, పాట రాలేదు. చూద్దును కదా, పైన ఫ్యాన్లు కూడా నెమ్మదిస్తున్నాయి. కరెంటు పోయింది. జనరేటరు కోసం ఎవరో పరిగెత్తారు. పెద్దమ్మ చెయ్యి అలాగే లేపి, అక్క వైపు చూసింది.

అక్క చేతిలో కూతురి చెయ్యి ఉంది, పాలు కారుతూ. అక్క ఆగిన మాట దగ్గర అందుకుంది. మైకు లేదు. ఆ గొంతు మండపం చివరిదాకా వినపడింది. పెద్దమ్మ చెయ్యి తిరగసాగింది. మగపెళ్లివారు గమ్మున నిలబడిపోయారు.

నాలుగో చరణం సగంలో జనరేటరు అందుకుంది. పాట మళ్లీ పెట్టమంటారా అన్నట్టు మైకుసెట్టు అతను నాకేసి చూశాడు. వద్దని చెయ్యి అడ్డం పెట్టాను.