గ్రేసమ్మ పేరు నొక్కితే

దయ్యాలూ ఆత్మలూ అని ఎవరైనా మొదలుపెడితే నవ్వి లేచిపోయే రకం నేను. ప్రొద్దుటూరులో పద్దెనిమిదేళ్ళుగా డీటీపీ షాపు నడుపుతున్నాను. కంప్యూటర్ వింతగా ప్రవర్తిస్తే తప్పు నా చేతిలోనే ఎక్కడో ఉంటుందని నాకు తెలుసు. ఈ విషయంలో కూడా తప్పు నాదే. కానీ జరిగినదంతా ఆ తప్పుతో తేలిపోవడం లేదు.

జమ్మలమడుగులో ఒక పాత చర్చి ఉంది. ఆ చర్చి కుటుంబాల చరిత్రను మా సుశీలమ్మ టీచర్ రాశారు. మూడో తరగతిలో నాకు ఎక్కాలు నేర్పింది ఆవిడే. ఆరు నోటు పుస్తకాలు టైపు చేస్తే నాలుగు వందల పేజీలు దాటాయి. కువైట్‌లో ఉన్నవాళ్ళు ఫోన్లో చదువుకుంటామని పీడీఎఫ్ అడిగారు. ముందు పేర్ల పట్టిక ఉంటుంది. పేరు మీద నొక్కితే ఆ మనిషి పేజీ తెరుచుకోవాలి.

ఆ లింకులు నన్ను చంపుకుతిన్నాయి. మొదట ప్రింట్ ఆప్షన్‌లోంచి పీడీఎఫ్ చేశాను, ఒక్కటీ పనిచేయలేదు. ఎక్స్‌పోర్ట్ చేస్తే దారికొచ్చాయి. అయితే ఏదైనా పేజీ తీసేస్తే దాని లింకు చచ్చిపోతుంది. వెళ్ళాల్సిన చోటే లేకపోతే ఎంత నొక్కినా కదలదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

టీచర్‌కు గ్రేసమ్మ అని ఒక అక్క ఉండేది. ముస్లిం అబ్బాయిని పెళ్ళి చేసుకుని ఇల్లు వదిలి వెళ్ళింది. తర్వాత చనిపోయిందని ఎవరో చెప్పారే తప్ప, ఎక్కడ పూడ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. టీచర్ ఆమెకు ఒక పేజీ రాసి, సమాధి అన్నచోట చుక్కలు పెట్టారు. ఇంత పుస్తకం రాసింది ఆ ఒక్క పేజీ కోసమే అని ఒకరోజు నాతో అన్నారు.

సంఘ పెద్ద షాపుకొచ్చి ప్రూఫు చూసి నన్ను పక్కకు పిలిచాడు.

"ఆ గ్రేసమ్మ పేజీ తీసేయప్పా. మనల్ని ఇడిచిపెట్టి పోయినామెకు ఈడ ఏం పని? టీచర్‌తో మాత్రం అనొద్దు."

తీసేశాను. చర్చి పనులన్నీ ఆయన చేతి మీదుగానే నాకొస్తాయి మరి. పట్టికలో పేరు మాత్రం ఉంచాను. ఆయన పట్టిక చూసే మనిషి కాదు. టీచర్‌కేమో చూపు మందగించింది, పేరు చూసుకుని సంతోషిస్తారు, లోపలికి వెళ్ళి వెతకరులే అనుకున్నాను. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. అక్క పేజీ ఉందా అని ఆవిడ అడిగితే, ఉంది టీచర్ అని చెప్పాను.

పీడీఎఫ్ పంపిన మూడో రోజు పొద్దున ఫోన్ చేశారు.

"నాయనా, అక్క పేరు మీద నొక్కితే పేజీ వచ్చినాది. అక్షరాలు పెద్దగా చేసుకుని చదువుకుంటి. కమలాపురం ఖబరస్తాన్‌లో, మొగుని పక్కనే అని రాసినావే! నేను ఇన్నేండ్లు ఎతికినా తెలీలేదు. నీకెవురు చెప్పినారప్పా?"

నేనేమీ రాయలేదు టీచర్ అనాలి. అనలేదు.

"అడిగి కనుక్కున్నాలే టీచర్" అన్నాను.

ఆవిడ ఏడ్చారు. నన్ను దీవించారు. ఆ దీవెన సిగ్గులేకుండా తీసుకున్నాను.

ఫోన్ పెట్టేసి ఫైలు తెరిచి గ్రేసమ్మ పేరు నొక్కాను. కదల్లేదు. కమలాపురం అని వెతికితే రెండుచోట్ల కనిపించింది, రెండూ వేరే కుటుంబాలవి. ఆ పేజీ ఉన్న పాత కాపీ చూశారేమో అనుకుందామంటే, దాన్ని నేనెవరికీ పంపలేదు. పంపినా అందులో ఉన్నవి చుక్కలే కదా.

వారం తర్వాత టీచర్ షాపుకొచ్చారు. ఎర్రగుంట్లలో బస్సు మారి కమలాపురం వెళ్ళొచ్చారట. అక్కడుండే ముసలాయన గ్రేసమ్మ సమాధి చూపించాడట. మొగుడి పక్కనే ఉందట. కాసేపు అక్కతో మాట్లాడి వచ్చానని చెప్పారు. నేను ఆవిడ ఫోన్ తీసుకుని ఆ పేరు నొక్కాను. ఏమీ రాలేదు.

"నీకు నొక్కనీకె రాదులే" అని నవ్వి, ఫోన్ సంచిలో వేసుకున్నారు.

మీరు నొక్కండి టీచర్ అని అడగలేకపోయాను. తెరుచుకోకపోతే నా అబద్ధం బయటపడుతుంది. తెరుచుకుంటే చూసే ధైర్యం నాకు లేదు.

రెండు నెలలకు ఆవిడ పోయారు. అంతవరకూ ఎన్నిసార్లు కలిసినా, నేను ఒక్కసారి కూడా నిజం చెప్పలేదు. పాపిష్టి నోరు, అబద్ధానికి లేచినంత సులువుగా నిజానికి లేవలేదు.

మట్టి వేసి వచ్చిన మర్నాడు గ్రేసమ్మ పేజీ తిరిగి పెట్టాను. చుక్కలు తీసేసి కమలాపురం అని రాశాను. అందరికీ కొత్త ఫైలు పంపాను. సంఘ పెద్ద వచ్చి అరిచాడు. అరవనీ అనుకున్నాను.

అన్ని లింకులూ పనిచేస్తున్నాయి, గ్రేసమ్మది తప్ప. లింకు వచ్చి చేరడానికి ఆ పేజీలో పెట్టే గుర్తు, బుక్‌మార్క్, తీసి మళ్ళీ పెట్టాను. మొత్తం కొత్త ఫైలులోకి ఎక్కించి చూశాను. ఇంకొకరి కంప్యూటర్‌లో చేయించాను. నాకు తెలిసిన విద్యలన్నీ అయిపోయాయి.

పేజీ లేనప్పుడు ఆవిడకు తెరుచుకుంది. పేజీ పెట్టాక నాకు తెరుచుకోవడం లేదు. ఎందుకో ఈనాటికీ చెప్పలేను. రోజూ షాపు తెరవగానే ముందు ఆ పేరే నొక్కుతాను. కాసేపు చూసి, నేను రాయలేదు టీచర్ అని చెప్పి, పని మొదలుపెడతాను.