పగబట్టి నేర్చుకున్న చైనీసు

మా మరిది, తోడికోడలు ఇద్దరూ చైనాలో డాక్టరు చదివారు. పరిచయం, ప్రేమ అక్కడే. ఉద్యోగాలు, కాపురం కరీంనగర్‌లో. ఆదివారం వచ్చిందంటే మంచిర్యాల దగ్గర బొగ్గుగని కాలనీలో ఉన్న మా క్వార్టర్‌కు వచ్చేవాళ్లు. మటన్ వండేది నేను. తింటూ చైనీసులో మాట్లాడుకుని నవ్వుకునేది వాళ్లు.

నేను గిన్నె పట్టుకుని వచ్చిన ప్రతిసారీ ఒక మాట వినిపించేది: ష్వేయ్‌న్యూ. వెంటనే నవ్వు.

"గదేంది చెల్లె, నన్నేనా?" అని ఒకసారి అడిగేశాను.

"కూర మస్తుగున్నదంటున్నం అక్కా" అంది తోడికోడలు.

మా ఆయనకు చెబితే "నీకు లేనిపోని ఫికర్" అని అటు తిరిగి పడుకున్నాడు. మర్నాడు అనువాదం చేసే యాప్‌లో ఆ మాటను రకరకాలుగా పలికి చూశాను. చివరికి తెర మీద పడింది: బర్రె.

పొయ్యి మీద అన్నం మాడింది. నేను ఏడవలేదు. ఆ రోజే ఫోన్‌లో చైనీసు పాఠాలు మొదలుపెట్టాను.

రాత జోలికి, వ్యాకరణం జోలికి పోలేదు. నాకు కావలసింది చెవి. చిన్నప్పుడు ఎక్కాలు బట్టీ పట్టినట్టే పాఠాలకు పాఠాలే మింగాను. డాక్టరుకు నొప్పి చెప్పుకునే పాఠం, అంగట్లో సరుకు అసలుదా నకిలీదా అని నిలదీసే పాఠం. మా ఆయన షిఫ్ట్‌కు పోగానే ఫోన్ కిటికీలో పెట్టి, బట్టలు ఉతుకుతూ వల్లించేదాన్ని. ఆ భాషలో స్వరం ఎత్తితే ఒక అర్థం, దించితే ఇంకో అర్థం. ఎత్తినచోట బట్ట పైకెత్తి, దించినచోట బండకేసి కొట్టేదాన్ని. ప్రతి దెబ్బలోనూ మా తోడికోడలి నవ్వు కనిపించేది. అర్థం కావడాన్ని వాళ్లు 'దొంగ్' అంటారు. దొంగ అని గుర్తుపెట్టుకున్నాను.

"ఏంది బిడ్డా, దయ్యం మంత్రాలా?" అంది మాతోనే ఉండే అత్తమ్మ.

"చైనా ముచ్చట్లు అత్తమ్మా."

"గాళ్లిద్దరు సాల్తలేరా?"

మొదట ముక్కలు తెలిశాయి, తర్వాత వాక్యాలు. అప్పుడే జవాబివ్వగలిగేదాన్ని. ఇవ్వలేదు. ఆదివారం ఆదివారం వడ్డిస్తూ, వింటూ, పోగేసుకున్నాను.

ఒకరోజు అందరం తింటుండగా అత్తమ్మ చిన్నకొడుకును అడిగింది. "మోకాళ్లు గుంజుతున్నయ్ బిడ్డా. జర మీ దవాఖానకు తీస్కపో."

"చూద్దాం అవ్వా" అని మరిది తన భార్య వైపు తిరిగి చైనీసులో ఏదో అన్నాడు. నొప్పి అన్న మాట డాక్టరు పాఠంలోది. నకిలీ అన్నది అంగడి పాఠంలోది. నొప్పి నకిలీదట, వాళ్లింట్లో మకాం పెట్టడానికట. ఆమె కిసుక్కుమంది.

నేను గిన్నె కింద పెట్టాను. "జ థౌ ష్వేయ్‌న్యూ థింగ్ ద దొంగ్" అన్నాను. ఈ బర్రెకు వింటే అర్థమవుతుంది అని.

మరిది చేతిలో ముద్ద అక్కడే ఆగింది. "వదినా... నీకు చైనీస్..."

"వస్తది. అవ్వకు నువ్వు జెప్తవా, నన్ను జెప్పుమంటవా?"

నేనే చెప్పాను, ఒక్క మాట తగ్గించకుండా.

అత్తమ్మ కొడుకును చూస్తూ, "నా నొప్పి అబద్ధమారా?" అని మాత్రం అంది.

"తమాషాకన్నం అక్కా" అంది తోడికోడలు.

"తమాషానే చెల్లె. నవ్వు మరి."

మరుసటి వారమే మరిది కారు తెచ్చి తల్లిని తీసుకుపోయాడు. ఎక్స్‌రేలో కీళ్లు అరిగిపోయి కనిపించాయి. ఆపరేషన్ చేయించాడు. డిశ్చార్జి అయ్యాక అత్తమ్మ మా క్వార్టర్‌కే వస్తానని పట్టుబట్టి వచ్చింది. ఇప్పుడు వాళ్లిద్దరూ రావడం తగ్గింది. వచ్చినా తెలుగే మాట్లాడతారు, అదీ పొదుపుగా.

"ఇగ మాఫ్ చెయ్యరాదు" అంటాడు మా ఆయన. చెయ్యలేదు. చెయ్యబుద్ధి కాలేదు.

సాయంత్రాలు అత్తమ్మ మంచం మీద కాలు చాపుకుని "ఇంకేమేమన్నరే గాళ్లు?" అని అడుగుతుంది. నేను ముందు చైనీసులో తోడికోడలి గొంతుతో అని, తర్వాత తెలుగులో చెబుతాను. ఇంకా చాలా ఉన్నాయి.